నాలుగేళ్ల తర్వాత నా పూలకుచ్చులు: పసుపు నిలిచింది, గులాబీ పోయింది

మోడల్ రైలు లేఅవుట్ (చిన్న కొలతలో కట్టుకునే రైలు, స్టేషను, చుట్టూ ఊరు) మీద అంటించే రెడీమేడ్ పూలకుచ్చులు కొని నాలుగేళ్లు దాటింది. వెనక జిగురు చుక్క, పైన నైలాన్ గడ్డి, గడ్డి కొసల్లో రంగు నలుసులు. అవేంటో ఈ హాబీ ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఏ కంపెనీవో రాయడం లేదు. రెండు వేర్వేరు చోట్ల నుంచి తెప్పించాను, రెండిటి కథా ఒకటే అయింది. నాకు చెప్పాలనున్నది ఒక్క గులాబీ రంగు గురించే. దాని మీద కోపం ఇంకా తగ్గలేదు.

ఆ రంగు నాకెందుకంత ముఖ్యమో ముందు చెప్పాలి. మా అమ్మ పుట్టిల్లు పాతపట్నం. నౌపడలో బయల్దేరి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే చిన్న రైలు ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను అది. 1931లో గుణుపురం దాకా వెళ్లింది. గేజి, అంటే పట్టాల మధ్య దూరం, రెండడుగుల ఆరంగుళాలు. పెద్ద లైను వేయడానికని 2004లో ఆపేశారు. నేను చేస్తున్నది ఆ లైను మీది ఒక స్టేషనే. అచ్చంగా పాతపట్నం కాదు, అదే లైను మీది టెంబూరూ కాదు, రెండూ కలిపి ఊహించుకున్నది. నేను చేసేది హెచ్ఓ కొలతలో, అంటే అసలు దాంట్లో 87వ వంతు. ఆ గేజి 762 మి.మీ., దాన్ని 87తో భాగిస్తే 8.76 వస్తుంది కాబట్టి, ఇంకా చిన్నదైన ఎన్ కొలత వాళ్లు వాడే 9 మి.మీ. ట్రాక్ నాకు చక్కగా సరిపోయింది. రైలు సంగతి అంతటితో తేలిపోయింది.

అమ్మకి మాత్రం రైలు కన్నా కంచె బాగా గుర్తు. "స్టేషను కంచె నిండా కాగితం పూలురా. రైలు దిగీసరికి కళ్లు జిగేల్‌మనేవి" అంటుంది. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. లేఅవుట్‌లో నేను మొదట గీసుకున్న గీత ట్రాక్‌ది కాదు, ఆ కంచెది. రాగి తీగలు మెలిపెట్టి కొమ్మలు చేసి, ఒక్కో కుచ్చునూ రెండు మూడు ముక్కలుగా చీల్చి, ఆ తీగల మీద అంటించుకుంటూ వెళ్లాను. కుచ్చులు షీట్ల మీద వరసగా అంటించి వస్తాయి, దాదాపు ఒక షీటంతా ఆ కంచెకే అయిపోయింది.

పెట్టిన కొత్తలో, తెలిసినవాళ్లందరికీ ఇవే కొనమని చెప్పాను. ఆ సంతోషంలో అబద్ధమేమీ లేదు. అంతకుముందు నేను బొంబాయి రవ్వకి రంగు కలిపి చల్లేవాణ్ణి. అర మి.మీ. రవ్వ గింజ అంటే అసలు కొలతలో 4 సెం.మీ. పైమాటే, బంతిపువ్వుకి సరిపోతుంది. కానీ చల్లిన పువ్వు రాలిపడినట్టు ఉంటుంది తప్ప పూసినట్టు ఉండదు. పైగా మొదటి వానాకాలంలోనే రవ్వకి పురుగు పట్టింది. కుచ్చుల్లో పువ్వు గడ్డి కొసన నిలబడుతుంది. కింద కాడ కనబడుతుంది. ఆ కాడ కనబడటంతోనే మొక్క బతికినట్టు ఉంటుంది. కంటిని ట్రాక్ ఎత్తుకి దించి చూసినప్పుడు పూల మధ్య నుంచి ఇంజన్ చక్రాలు వెళ్తుంటే, ఆ రోజు నేను భోజనానికి కూడా లేవలేదు.

పోయిన ఏడాది దసరా సెలవులకి మా చెల్లెలి కూతురు వచ్చింది. ఎనిమిదేళ్లది. లేఅవుట్ చుట్టూ తిరిగి తిరిగి కంచె దగ్గర ఆగి, "మావయ్యా, ఇక్కడ మల్లెపూలు పెట్టావేటి?" అంది. మల్లెపూలు కాదమ్మా, కాగితం పూలు, గులాబీ రంగువి అని చెప్పబోయి కంచె వైపు చూశాను. అది చెప్పిందే నిజం. కంచె మొత్తం తెల్లగా ఉంది. అంచుల్లో ఎక్కడో కాస్త, కడిగిన ఉల్లిపొర రంగు. రోజూ చూస్తున్న నాకు ఎన్నడూ కనబడలేదు.

అమ్మ వెనకాలే కూర్చుని ఉంది. "నాను ఎప్పుడో చూశాను. నువ్వు బాధపడతావని అన్లేదు" అంది.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మర్నాడు ముందు దుమ్మేమో అనుకున్నాను. వాక్యూమ్ గొట్టానికి పాత సాక్సు గుడ్డ కట్టి మెల్లగా లాగాను. దుమ్ము పోయింది, రంగు రాలేదు. తర్వాత ఉప్పుగాలి అనుకున్నాను. మా శ్రీకాకుళంలో ఇనుప గ్రిల్లులకి ఏటా రంగు వేయించాల్సి వస్తుంది కదా, అదే ఇక్కడా జరిగిందేమో అని. వానాకాలపు చెమ్మ అనుకున్నాను. నా జిగురులో నీళ్లు ఎక్కువయ్యాయేమో అని కూడా అనుకున్నాను. వారం పాటు నా పనితనాన్నే తప్పుపట్టుకున్నాను.

అసలు సంగతి తెలిసింది స్టేషను బిల్డింగ్ ఎత్తినప్పుడు. లోపలి బల్బు వైరు ఊడిపోతే బిల్డింగ్ తీసి పక్కన పెట్టాను. వెనక గోడకీ కంచెకీ మధ్య, చూరు కింద, ఆరు కుచ్చులు ఉన్నాయి. గులాబీ రంగులో. పెట్టిన రోజు ఎలా ఉన్నాయో అలాగే. అదే షీటు, అదే రోజు అదే చేత్తో అంటించినవి. గాలి అదే, చెమ్మ అదే, దుమ్ము ఇంకాస్త ఎక్కువే. వీటి మీద పడనిది వెలుతురు ఒక్కటే.

నా గది కిటికీ సరిగ్గా తూర్పుకి ఉంది. మార్చిలోనూ అక్టోబరు మొదట్లోనూ సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయని అరసవల్లికి జనం తెల్లారకుండా వెళ్లే రోజుల్లో, నా గదిలో ఆ ఎండే కంచె పొడవునా పడుతుంది. ఆ వెలుగులో లేఅవుట్ ఎంత అందంగా ఉంటుందో అని ఫొటోలు కూడా తీసుకున్నాను. నాలుగేళ్లు నేనే కర్టెన్ పక్కకి లాగి నా కంచెని ఎండబెట్టాను.

అయినా ఒక్కసారి చూసి నిర్ధారించుకోవడం నాకు నచ్చదు. మిగిలిన షీట్ల నుంచి గులాబీ, ఊదా, ఎరుపు, పసుపు, తెలుపు కుచ్చులు తీసి ఒక అట్ట మీద వరసగా అంటించాను. ప్రతి వరసలో సగానికి వంటింటి ఫాయిల్ కప్పాను. సంక్రాంతి వెళ్లిన మర్నాడు కిటికీ అద్దానికి ఆ అట్ట అతికించి ఉగాదికి తీశాను. గులాబీ సగానికి సగం పాలిపోయింది. ఊదా బూడిద నీలంలోకి తిరిగింది. ఎరుపు కాస్త నీరసించింది. పసుపులో ఫాయిల్ కింద ఉన్నదేదో బయట ఉన్నదేదో నేను చెప్పలేకపోయాను. తెలుపులోనూ అంతే.

గులాబీ, ఊదాల్లో చౌకగా కాంతిమంతంగా కనబడే రంగులు చాలావరకు వెలుతురుకి నిలవవు. ఫ్లోరసెంట్ కలిసినవైతే అందరికన్నా ముందు పోతాయి. కిటికీ అద్దం ఆపుతుంది కదా అనుకోకండి. మామూలు అద్దం ఎండలోని యూవీ (అతినీలలోహిత) కిరణాల్లో ఒక భాగాన్నే ఆపుతుంది, చాలావరకు లోపలికి వస్తుంది. మామూలు వెలుతురు కూడా మెల్లమెల్లగా రంగుని తింటుంది. ఈ మాట షీటు మీద ఎక్కడా రాసి లేదు. ఇంత ఖరీదు పెట్టి కొన్నవాడికి, ఎండలో పెట్టకండి అని ఒక్క ముక్క రాసి ఉంటే చాలు. నా కోపమంతా అందుకే.

బాగుచేయడం కూడా తేలిగ్గా కాలేదు. మొదట సన్నని బ్రష్షుతో కుచ్చుల మీదే రంగు వేయబోయాను. నలుసులు రాలిపోయాయి, గడ్డి కాడలకి రంగు అంటి మొక్కంతా గులాబీ అయింది. రెండు కుచ్చులు పాడుచేశాక ఆపేశాను. తర్వాత పనికొచ్చిన పద్ధతి ఇది. పాత పరుపు స్పాంజి ముక్కలకి నీళ్లు, అక్రిలిక్ రంగు పట్టించి, వంటకి వాడని పాత మిక్సీ జారులో తిప్పాను. పేపరు మీద రెండు రోజులు నీడలో ఆరబెట్టి టీ వడకట్టుతో జల్లెడ పట్టాను. టూత్‌పిక్ కొసతో ఫెవికాల్ చుక్క తెల్లబడిపోయిన ఒక్కో పువ్వు మీద పెట్టి, పైన ఆ పొడి చల్లి, మర్నాడు మిగిలింది ఊదేశాను. కంచె మొత్తానికి పదకొండు రాత్రులు పట్టింది.

రంగు మాత్రం బొమ్మల దుకాణంలో దొరికే డబ్బా కాదు. చిత్రకారులు వాడే ట్యూబు కొన్నాను. వెనక చిన్న అక్షరాల్లో పిగ్మెంట్ కోడ్, అంటే లోపలున్న రంగు పదార్థం గుర్తు, ఉంటుంది. పీవీ19, పీఆర్122 అని ఉంటే అవి క్వినాక్రిడోన్ రంగులు, వెలుతురుకి బాగా నిలుస్తాయి. లైట్‌ఫాస్ట్‌నెస్ (వెలుతురుకి నిలిచే గుణం) దగ్గర ఏఎస్‌టీఎం 1 అని, అంటే ఆ ప్రమాణంలో అన్నిటికన్నా పై తరగతి అని, ఉంటే ఇంకా ధైర్యం. ఈ పొడిని కూడా అట్ట మీద ఫాయిల్ కప్పి కిటికీకి పెట్టాను. పక్కనే చౌకరకం మెరుపు గులాబీ డబ్బా రంగుతో చేసిన పొడినీ పెట్టాను. ఏడు నెలలయింది. రెండోది ఎప్పుడో వెలిసిపోయింది. మొదటిదాంట్లో నా కంటికి తేడా తెలియలేదు, అమ్మ కంటికీ తెలియలేదు. అమ్మ కన్నే ఇప్పుడు నాకు గట్టి లెక్క.

ఈ పని చేస్తుంటేనే అసలు కాగితం పూల చెట్టుని దగ్గరగా చూశాను. మా వీధి చివర ఇంటి గోడ మీద ఉంది. మనం పువ్వు అనుకునేది పువ్వు కాదు, రంగు తేలిన ఆకులు మూడు. అసలు పువ్వు వాటి మధ్య సన్నని తెల్లని గొట్టం. అందుకే ఇప్పుడు కంచె మీద అక్కడక్కడ ఒక్కో తెల్ల నలుసు అలాగే వదిలేశాను. దూరం నుంచి ఎవరికీ కనబడదు. నాకు తెలుసు, చాలు.

పసుపు కుచ్చుల గురించి మాత్రం నా పాత మాట మీదే ఉన్నాను. రైలు కట్ట పొడవునా తంగేడు వేశాను, ఇప్పటికీ నిన్న పూసినట్టు ఉంది. కాకపోతే తంగేడుకి 6 మి.మీ. కుచ్చులు చాలవు. హెచ్ఓలో అది 52 సెం.మీ.యే అవుతుంది, గడ్డిపువ్వులా ఉంటుంది. 12 మి.మీ.వి తీసుకుంటే మీటరు దాటిన పొద అవుతుంది. ప్లాట్‌ఫారం మడిలో బంతికి పొట్టివే బాగుంటాయి. మోదుగ కూడా పెట్టమని ఒక మిత్రుడు అడిగాడు. నా లేఅవుట్‌లో కార్తీకమాసం, పొలాల్లో వరి పండుతోంది. మోదుగ పూసేది మాఘ ఫాల్గుణాల్లో. ఎంత అందమైనా పెట్టను.

వెనక ఉన్న జిగురు చాలని కూడా ఒకప్పుడు చెప్పాను. అదీ కొంచెం సవరించుకోవాలి. మొదటి ఏడాది చాలింది. రెండో వేసవికి అంచుల్లో లేవడం మొదలైంది. ఇప్పుడు ప్రతిదాని కిందా ఫెవికాల్ చుక్క పెడుతున్నాను.

కొనాలా వద్దా అని అడిగితే, నా గది లెక్కలో మాత్రమే చెప్పగలను. తూర్పు కిటికీ, పొద్దున్నే ఎండ, కర్టెన్ వేయడం ఇష్టంలేని నేను. లోపలి గదిలో ఎల్ఈడీ వెలుతురులో లేఅవుట్ ఉన్నవాళ్లకి, లేదా పెట్టెలో దాచి పండక్కి మాత్రమే బయటికి తీసేవాళ్లకి, గులాబీ కూడా చాలాకాలం ఉండవచ్చు. నా చూరు కిందవి ఉన్నాయిగా. కిటికీ పక్కన ఉన్నవాళ్లు పసుపు, తెలుపు నిశ్చింతగా కొనుక్కోండి. గులాబీ, ఊదా మాత్రం కాడల కోసం కొని, పువ్వు సొంతంగా వేసుకోండి. ఓపిక ఉంటేనే. నాకు రాత్రిళ్లు ఖాళీ, ఇంట్లో అడ్డుచెప్పేవాళ్లు లేరు. అందరికీ అలా కుదరదు.

చెరువులో కలువలు ఇంకా వేయలేదు. తెల్లకలువలే వేద్దామనుకుంటున్నాను.

స్టేషను వెనక ఆ ఆరు కుచ్చుల్నీ కదపలేదు. బిల్డింగ్ మళ్లీ వాటి మీదే నీడపడేలా పెట్టాను. కొత్త కంచెని వాటితో పోల్చి చూడటానికి వచ్చే దసరాకి ఎత్తుతాను. అప్పుడు మా చెల్లెలి కూతురు కూడా ఇక్కడే ఉంటుంది.