మణికట్టు తిమ్మిర్లకు అయస్కాంతపు గ్లౌజు: కొనేముందు ఇది చదవండి

గత ఏడాది ఆషాఢంలో, హన్మకొండలో నొప్పుల పరికరాలు అమ్మే ఒక దుకాణంలో 7,400 రూపాయలు పెట్టి అయస్కాంతపు బిళ్లలు కుట్టిన ఒక గ్లౌజును, దానితోపాటు మూడు నెలలకు సరిపడా ‘నరాల బలం’ మాత్రలను కొన్నాను. చేతి తిమ్మిర్లతో బాధపడేవారు, ముఖ్యంగా నాలాగా కుట్టుపని చేసేవారు, బీడీలు చుట్టేవారు, నేతపనివారు అదే పొరపాటు చేయకూడదని ఈ వివరాలు రాస్తున్నాను.

నేను ఇరవై రెండేళ్లుగా వరంగల్ కొత్తవాడలో జాకెట్లు కుడుతున్నాను. రాత్రి రెండింటికి కుడిచేయి మొద్దుబారి మెలకువ వచ్చేది. తడిబట్టను జాడించినట్టు విదిలిస్తే కాసేపటికి స్పర్శ తిరిగి వచ్చేది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలిలో ఒక పక్క తిమ్మిరెక్కేవి కానీ చిటికెనవేలికి ఏమీ అయ్యేది కాదు. జబ్బును పట్టిచ్చే గుర్తు ఈ తేడాయేనని అప్పుడు నాకు తెలియదు. ఆ దుకాణదారుడు నా చేయి పట్టుకొని కూడా చూడలేదు. “ఆపరేషన్ ఎందుకమ్మా, పదిహేను దినాలల్ల నరం వదులైతది, డాక్టరు దగ్గరికి పోతే కోసుడే” అన్నాడు. ఆ మాటకు భయపడే డబ్బు కట్టాను.

ఆ గ్లౌజు మెత్తని సాగే బట్టతో చేసింది. మణికట్టు దగ్గర బిగుతైన పట్టీ, దాని లోపల పావలా బిళ్లంత అయస్కాంతాలు ఆరు ఉన్నాయి. నిద్రలో చేయి మడతపడకుండా ఆపగలిగే గట్టి వస్తువు అందులో ఏదీ లేదు. తెల్లవారేసరికి పట్టీ ఒత్తిన చోట ఎర్రని గాట్లు పడేవి, తిమ్మిరి మాత్రం అలాగే ఉండేది. ఇక మాత్రల డబ్బా మీద పైరిడాక్సిన్, అంటే బి6 విటమిన్ అని ఉంది. దానిని ఎక్కువ మోతాదులో నెలల తరబడి వేసుకుంటే అదే నరాలను దెబ్బతీసి కొత్త తిమ్మిర్లు తెచ్చిపెట్టగలదని తరువాత డాక్టరు చెబితే నా గుండె గుభేలుమంది.

బతుకమ్మ పేరుస్తుండగా తంగేడు పూల కాడలు నా వేళ్ల మధ్య నుంచి జారి పళ్లెంలో పడిపోయాయి. సూదిలో దారం ఎక్కించడం, హుక్కులు కుట్టడం అప్పటికే మా కోడలి పని అయింది. ఆ రోజు అది చూసి తానే నన్ను పట్టుబట్టి ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

మణికట్టులోని ఎముకలకు, వాటిమీద అడ్డంగా ఉండే గట్టి పట్టీకి మధ్య సన్నని దారి ఉంటుందని, వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులు (కండరాలను ఎముకలకు కలిపే తాళ్లలాంటివి), మీడియన్ అనే నరం అందులోంచే పోతాయని, అక్కడ ఒత్తిడి పెరిగి నరం నలిగితే దానిని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారని డాక్టరు వివరించారు. చేయి ముందుకో వెనక్కో వంగినప్పుడు ఆ ఒత్తిడి మరింత పెరుగుతుందట. నరాల పరీక్ష, రక్తపరీక్షలు చేయించారు. నాకు థైరాయిడ్ తక్కువగా ఉందని అప్పుడే బయటపడింది. థైరాయిడ్ లోపం, మధుమేహం, కీళ్లవాతం, గర్భం వంటివి కూడా ఈ బాధకు తోడవుతాయి కాబట్టి వాటిని చూడకుండా గ్లౌజు అంటగట్టడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

ఆపరేషన్ లేని వైద్యం నిజంగానే ఉంది, కానీ నేను కొన్నది అది కాదు. నాకు చెప్పిన స్ప్లింట్, అంటే మణికట్టును వంగకుండా నిలిపి ఉంచే కట్టు, మందుల దుకాణంలో ఐదు వందల లోపే దొరికింది. అందులోని అల్యూమినియం పట్టీ వెనక్కి వంచి ఉంటే డాక్టరు దానిని బయటకు లాగి, బల్ల మీద నొక్కి చదును చేసి మళ్లీ పెట్టారు. మణికట్టు తిన్నగా ఉండాలి, వేళ్లు స్వేచ్ఛగా కదలాలి, వెల్క్రో ఒక వేలు దూరేంత వదులుగా ఉండాలి అన్నారు. ఆరు వారాలు ప్రతి రాత్రీ కట్టుకున్నాను. మూడో వారం నుంచే నిద్ర పట్టింది. మిగిలిన తిమ్మిరికి మణికట్టులో ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. దాని ఉపశమనం కొందరిలో కొన్ని నెలల తరువాత తగ్గిపోవచ్చని, షుగరు ఉన్నవారికి ఇంజెక్షన్ తరువాత కొన్ని రోజులు షుగరు పెరగవచ్చని కూడా దాచకుండా చెప్పారు. తిమ్మిరి రాత్రింబవళ్లు వదలకపోయినా, బొటనవేలి మొదట్లోని కండ పల్చబడినా ఇలాంటి వైద్యంతో కాలయాపన చేయకూడదు, అప్పుడు ఆపరేషనే నరాన్ని కాపాడుతుంది. గ్లౌజును నమ్మి నేను పోగొట్టుకున్న మూడు నెలలు నన్ను అక్కడికే చేర్చి ఉండేవి.

డబ్బు వాపసు ఇవ్వమంటే ‘వాడిన వస్తువు తీసుకోము’ అన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన రెండేళ్లలోపు కేసు వేయాలి, కొన్న వస్తువు విలువ ఐదు లక్షల వరకు ఉంటే రుసుము ఉండదు. నాకు ఇచ్చిన తెల్లచీటీ మీద దుకాణం పేరు గానీ తేదీ గానీ లేవు. ఫోన్ ద్వారా కట్టాను కాబట్టి ఆ లావాదేవీ ఒక్కటే నా దగ్గరున్న ఆధారం. ఇలాంటి గ్లౌజు ఇప్పటికే కొన్నవారు డబ్బాను, మాత్రల అట్టను పారేయకుండా దాచుకోండి, మాత్రలు వేసుకుంటున్నవారు వాటిని తీసుకొని వెళ్లి ముందు డాక్టరుకు చూపించండి.