పద్నాలుగు సీజన్లు నారింజ రంగులో: హ్యూస్టన్ డైనమో సీజన్ టికెట్, పక్క సీటు పెద్దాయన

2012 మేలో హ్యూస్టన్ డౌన్‌టౌన్ పక్కన ఈడో ప్రాంతంలో, నారింజ జెర్సీల మా ఊరి సాకర్ క్లబ్బు డైనమో కొత్త స్టేడియం తెరిచారు. ఆ ఏడే రెండు సీట్లకి సీజన్ టికెట్ తీసుకున్నాను. 2025తో పద్నాలుగు సీజన్లు అయ్యాయి. ఇన్నేళ్ళలో ఆట గురించి తెలుసుకున్నదాని కన్నా పక్క సీట్లలోని మనుషుల గురించి తెలుసుకున్నదే ఎక్కువ. అమెరికాలో ప్రతి సాకర్ క్లబ్బూ లాటినో అభిమానులు, అంటే మెక్సికో, మధ్య, దక్షిణ అమెరికా మూలాలున్న వాళ్ళు, కావాలంటుంది. వాళ్ళు ఎందుకు వస్తారో, ఎందుకు మానేస్తారో నా సీట్లోంచి కనబడినంత వరకు రాస్తున్నాను.

నా పక్క సీట్లో ఒక పెద్దాయన. మధ్య అమెరికాలోని హోండురాస్ నుంచి వచ్చి ఇళ్ళ పైకప్పులు వేసే పని చేసి, ఇప్పుడు మానేశారు. నేను 'డాన్' అని పిలుస్తాను, మన 'గారు' లాంటిది. ఆయన నన్ను 'మిహో' అంటారు, నాయనా అన్నట్టు. హిల్‌క్రాఫ్ట్‌లో మన కిరాణా కొట్లు, చీరల షాపులు ఉన్న మహాత్మా గాంధీ డిస్ట్రిక్ట్ తెలుసు కదా, దాని పక్కనే గల్ఫ్‌టన్. ఆయన ఇల్లు అక్కడే. ఏళ్ళ తరబడి నేను పప్పులూ బియ్యం కొనుక్కున్న చోటికి రెండు వీధుల అవతలే ఉన్న మనిషిని స్టేడియంలో కలిశాను.

ఆయన్ని రప్పించింది యాడ్ కాదు, ఆస్కార్ బోనియెక్ గార్సియా. హోండురాస్ జట్టు మిడ్‌ఫీల్డర్, అక్కడి ఒలింపియా క్లబ్బు నుంచి 2012 వేసవిలో డైనమోకి వచ్చాడు. హ్యూస్టన్‌లో హోండురాస్, ఎల్ సాల్వడార్ వాళ్ళు చాలామంది ఉన్నారు. బోనియెక్ బంతి అందుకున్న ప్రతిసారీ మా వరస మొత్తం లేచి నిలబడేది. 2017లో అల్బెర్త్ ఎలిస్, రోమెల్ కియోటో కూడా చేరారు, ఇద్దరూ ఒలింపియాలో ఆడినవాళ్ళే. ఆ రోజుల్లో పెద్దాయన ఇంటి నుంచి ఒకరు కాదు, ఆరుగురు వచ్చేవారు. బోనియెక్ 2021 దాకా ఉన్నాడు. ఒక ఆటగాడు పదేళ్ళు ఒకే ఊళ్ళో ఉండిపోతే జనం అతణ్ణి తమ ఇంటి మనిషి అనుకుంటారు. నాకు కనబడిన పెద్ద సంగతి ఇదే. ఒక సీజన్‌కి పేరున్న ఆటగాణ్ణి తెచ్చి పోస్టర్లు వేస్తే ఇది రాదు.

అలాగని పేరు చివర స్పానిష్ ఉంటే చాలని కూడా కాదు. ఎరిక్ 'కూబో' టోరెస్ మెక్సికో కుర్రాడు, 2014లో లాస్ ఏంజెలెస్ క్లబ్బు చీవాస్ యూఎస్ఏకి 15 గోల్స్ కొట్టి మా దగ్గరికి వచ్చాడు. 2015లో ఇక్కడ లీగ్ మ్యాచుల్లో ఒక్క గోలూ పడలేదు. మెక్సికో జెండా భుజాన వేసుకొచ్చినవాళ్ళే మౌనంగా కూర్చునేవారు. 2017లో అతనే 14 గోల్స్ చేస్తే ఆ జెండాలు మళ్ళీ లేచాయి. ఆట తెలిసిన జనం వీళ్ళు. శనివారం ఉదయం నుంచే టీవీలో మెక్సికో లీగ్ చూసేవాళ్ళ ముందు పేలవమైన ఆట పెట్టి ప్రేమించమంటే ప్రేమించరు. డైనమో 2018 నుంచి 2022 దాకా వరసగా ఐదు సీజన్లు ప్లేఆఫ్స్‌కి, అంటే సీజన్ చివర కప్పు కోసం ఆడే పోటీకి, వెళ్ళలేదు. ఆ ఏళ్ళలో మా వరస ఎలా ఖాళీ అయిందో కళ్ళారా చూశాను. 2022లో ఎక్టర్ ఎర్రెరా అట్లెటికో మాడ్రిడ్ నుంచి వచ్చి, 2023లో అమెరికా క్లబ్బుల ఓపెన్ కప్ ఫైనల్లో ఇంటర్ మయామీని వాళ్ళ మైదానంలోనే 2-1తో ఓడించాక మళ్ళీ నిండింది.

ఇక్కడో పాత కథ చెప్పాలి. నేను టికెట్ కొనక ముందుది, కానీ ఊళ్ళో ఇప్పటికీ మాట్లాడుకుంటారు. సాన్ హోసే నుంచి జట్టు హ్యూస్టన్‌కి మారినప్పుడు, 2006 జనవరిలో, పెట్టిన పేరు 'హ్యూస్టన్ 1836'. 1836లో ఊరు పుట్టింది, అందుకని. కానీ టెక్సస్ మెక్సికో నుంచి విడిపోయిన యుద్ధం జరిగిందీ ఆ ఏడే. లోగోలో గుర్రం మీద, ఆ యుద్ధంలో టెక్సస్ సేనాధిపతి సామ్ హ్యూస్టన్ బొమ్మ. మెక్సికన్ కుటుంబాలకి ఆ అంకె ఓడిపోయిన యుద్ధం, తర్వాత ఈ నేల మీద తమ వాళ్ళు పడ్డ అవమానం. అభ్యంతరాలు వచ్చాయి, మార్చిలో పేరు డైనమోగా మార్చారు. ఒప్పుకుని వెంటనే మార్చినందుకు ఇప్పటికీ నాకు గౌరవం ఉంది. 2006, 2007 రెండేళ్ళూ అమెరికా సాకర్ లీగ్ ఎంఎల్ఎస్ కప్ గెలిచారు. 2020 జనగణన ప్రకారం ఊరి జనాభాలో దాదాపు 44 శాతం హిస్పానిక్, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న వాళ్ళు. పేరు పెట్టే గదిలో వాళ్ళలో ఒక్కరిని కూర్చోబెట్టి అడిగినా ఆ పొరపాటు జరిగేది కాదనిపిస్తుంది.

దీనికి ఇంకో కొస లాస్ ఏంజెలెస్‌లోని చీవాస్ యూఎస్ఏ. మెక్సికోలో 'చీవాస్' అని పిలిచే గ్వాదలహారా క్లబ్బు యజమాని హోర్హే వెర్గారా, భాగస్వాములతో కలిసి 2005లో మొదలుపెట్టిన జట్టు. మెక్సికన్లంతా వస్తారన్న లెక్క. కానీ మెక్సికోలో దాని ప్రత్యర్థి క్లబ్ అమెరికా అభిమాని చీవాస్ జెర్సీ వేసుకోమంటే వేసుకుంటాడా? సాల్వడార్ కుటుంబానికి ఆ జట్టుతో ఏం పని? పైగా ఆ ఊరి ఇంకో క్లబ్బు గ్యాలక్సీ స్టేడియంలోనే సర్దుకున్నారు. 2014తో మూసేశారు.

లాటినో అనేది ఒక్క జనం కాదు. ఒకప్పుడు ఉత్తరాదిలో మనల్ని అందరినీ కలిపి 'మదరాసీ' అంటే ఎలా ఉండేదో పెద్దవాళ్ళని అడగండి. భాషా అంతే. మెక్సికన్లు దగ్గరివాళ్ళని 'తూ' అంటారు, హోండురాస్ వాళ్ళు 'వోస్' అంటారు. వరంగల్ ఇంటికి వెళ్ళి విజయవాడ యాసలో రాసిన కరపత్రం ఇస్తే అర్థం కాక కాదు, మనకోసం రాయలేదని తెలిసిపోతుంది. ఇంగ్లీషు ప్రకటనని స్పానిష్‌లోకి మార్చి వదిలేస్తే అలాగే ఉంటుంది.

ఈ విషయంలో నాకు బాగా బాధ కలిగిన రోజు ఒకటుంది. వేరే ఊరికి డైనమో మ్యాచుకని పెద్దాయన కుటుంబంతో వెళ్ళాం, ఆ ఊరి క్లబ్బు పేరు రాయను. హిస్పానిక్ హెరిటేజ్ నైట్ అట. గేటు దగ్గర కాగితం మీసాలు, మెక్సికోవాళ్ళ వెడల్పు అంచు సొంబ్రేరో టోపీల్లాంటి చిన్నవి పంచారు. పెద్దాయన మనవరాలికి తొమ్మిదేళ్ళు. టోపీ తీసుకుని, "తాతా, ఇది మనదా?" అంది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు, ఇంటికొచ్చే దారంతా ఆ మాటే ఎత్తలేదు. అదే క్లబ్బు మిగతా సీజన్ అంతా లాటినో అభిమానుల వైపు చూసినట్టు లేదు.

మా స్టేడియంలో నాకు నచ్చేది చప్పుడు. ఎల్ బటాయోన్ అనే అభిమానుల గుంపు బోంబో అనే పెద్ద డ్రమ్ములు, ట్రంపెట్లతో తొంభై నిమిషాలూ నిలబడే పాడుతుంది. మన ఊరి జాతరలో డప్పులు విన్నవాళ్ళకి కొత్తేమీ అనిపించదు. కూర్చోమని ఎవరూ గద్దించరు. స్టేడియం ఉన్న చోటు కూడా మంచిది. మెక్సికన్ కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న సెకండ్ వార్డ్ పక్కనే, 2015 నుంచి రైలు వాకిట్లోకే వస్తుంది. కారు పార్కింగ్‌కి డబ్బులు పెట్టలేని కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. షికాగో ఫైర్ క్లబ్బు ఏళ్ళ తరబడి బ్రిడ్జ్‌వ్యూ శివార్లో ఆడి, చివరికి 2020లో మళ్ళీ నగరంలోకి వచ్చింది.

లీగ్ మీద నా ఫిర్యాదు ఒకటే, టీవీ. 2023 నుంచి దాదాపు అన్ని మ్యాచులూ చందా కట్టి చూసే యాప్‌లోకి వెళ్ళిపోయాయి. స్పానిష్ వ్యాఖ్యానం బాగానే ఉంటుంది, కానీ అంతకుముందు కొన్ని మ్యాచులు స్పానిష్ ఛానెల్లో యాంటెనాతో ఉచితంగా వచ్చేవి. కొత్త పిల్లాడు ఆటలో పడేది అనుకోకుండా టీవీ పెట్టినప్పుడే కదా.

2025 వేసవి వేరే రకం టెన్షన్. ఇమిగ్రేషన్ దాడుల వార్తలతో పెద్దాయన ఇంట్లో ఇద్దరు కొన్ని వారాలు మ్యాచుకి రాలేదు. గేటు దగ్గర ఎవరైనా కాగితాలు అడుగుతున్నారా అని ఫోన్ చేసి కనుక్కునేవారు. మనలోనూ ఆ భయం తెలిసినవాళ్ళు ఉన్నారు. ఆ జూన్‌లో లాస్ ఏంజెలెస్ మహిళల జట్టు ఏంజెల్ సిటీ 'ఇమిగ్రెంట్ సిటీ ఫుట్‌బాల్ క్లబ్' అని రాసిన చొక్కాలు వేసుకుని మైదానంలోకి వచ్చింది. ఆ ఫోటో పెద్దాయన తన ఫోన్లో దాచుకున్నారు. ఆ జట్టు ఆట ఆయన ఎప్పుడూ చూడలేదు.

సీటు కొనాలనుకునే మనవాళ్ళకి ఒక మాట: జూలై, ఆగస్టుల్లో రాత్రి మ్యాచ్ అయినా ఉక్క తగ్గదు, పిల్లలకి పల్చటి బట్టలు వేయండి. డ్రమ్ముల పక్క సెక్షన్లో చంటిపిల్లలతో వద్దు. ఆట పాడుగా ఉన్న ఏడు కూడా నేను సీటు వదులుకోలేదు, వదులుకోమని ఎవరికీ చెప్పను.

2026లో ప్రపంచ కప్ మ్యాచులు మా ఊళ్ళోనే. 2025 నవంబర్‌లో హోండురాస్ దానికి అర్హత సాధించలేదని తేలింది. మర్నాడు పెద్దాయనకి ఫోన్ చేశాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, డైనమో మొదటి మ్యాచ్ ఎప్పుడు మిహో, అని అడిగారు.