సహజ నైతిక నియమంపై శనివారం తరగతులు: అక్వినాస్ వరకు బాగుంది, ఆక్షేపణల దగ్గరే లోటు

పాలకొల్లులోని ఒక చర్చి హాలులో శనివారం సాయంత్రాలు క్రైస్తవ నీతితత్త్వం మీద నిర్వహించిన తరగతులకు ఈ వేసవిలో హాజరయ్యాను. మంచిచెడ్డలను మనిషి దేవుడిచ్చిన బుద్ధితోనే చాలావరకు గ్రహించగలడని చెప్పే సహజ నైతిక నియమమే వీటి విషయం. రుసుము 600 రూపాయలు. స్పైరల్ బైండింగ్ చేసిన పాఠ్యపుస్తకం, విరామంలో టీ అందులోనే కలిసి ఉన్నాయి. ఇంత బరువైన అంశానికి మన వైపు ఎవరు వస్తారులే అనుకున్నాను గాని, లూథరన్, బ్రదరన్, కాథలిక్ కుటుంబాల వారితో పాటు క్రైస్తవులు కాని న్యాయవాదులు కూడా వచ్చి చివరిదాకా కూర్చున్నారు.

ధర్మశాస్త్రం లేని అన్యజనుల హృదయాల్లో సైతం దాని సారం వ్రాయబడి ఉందన్న రోమా పత్రిక 2వ అధ్యాయంతో బోధకులు ఆరంభించి, ఆలస్యం చేయకుండా మధ్యయుగపు కాథలిక్ వేదాంతి థామస్ అక్వినాస్ (1225–1274) దగ్గరకు వచ్చారు. సర్వజనహితం కోసం, సమాజ బాధ్యత వహించేవారు బుద్ధిపూర్వకంగా ఏర్పరచి ప్రకటించినదే చట్టమని ప్రశ్నోత్తరాల రూపంలో ఉన్న తన బృహద్గ్రంథం ‘సుమ్మా థియోలాజికా’లో ఆయన ఇచ్చిన నిర్వచనాన్ని ముక్కముక్కగా విడదీసి, ఒక్కొక్క ముక్కా లేకపోతే ఏమవుతుందో శ్రోతల చేతనే చెప్పించారు. మంచిని చేయాలి, చెడును మానాలి అన్న మూలసూత్రం నుంచి, ప్రాణరక్షణ, సంతానాన్ని కని పెంచడం, దేవుని గురించిన సత్యాన్ని తెలుసుకోవడం, నలుగురితో కలిసి బ్రతకడం అనే సహజ ప్రవృత్తుల వరకు పాఠం తడబాటు లేకుండా సాగింది.

తరగతులన్నింటిలోకి మిన్న అయినది మానవ చట్టాల మీద జరిగిన సాయంత్రం. మనుషులు చేసే చట్టం సహజ నియమం నుంచి రెండు విధాలుగా పుడుతుందని అక్వినాస్ అంటారు: ఒకటి సూత్రం నుంచి నేరుగా తేలే నిర్ణయం, రెండవది సూత్రం తెరిచి ఉంచిన చోట పాలకులు చేసే ఏర్పాటు. దీనికి బోధకులు దాళ్వా (రెండో పంట వరి) నాటి కాలువ నీటిని ఉదాహరణగా తీసుకున్నారు. పక్కవాడి వాటా కాజేయకూడదన్నది మొదటి రకం. ఎవరూ రాసిపెట్టకపోయినా అది అందరికీ తెలుసు. ఏ కాలువకు ఏ రోజుల్లో నీరు వదలాలన్న వంతులవారీ పట్టిక రెండవ రకం. అది ఏటా మారవచ్చు, మారినంత మాత్రాన న్యాయం మారినట్టు కాదు, కానీ ఒకసారి ప్రకటించాక దానికి కట్టుబడవలసిందే. ఎగువన దొంగచాటుగా మోటారు పెట్టుకున్న రైతు ఈ రెండింటినీ ఒకే దెబ్బతో అతిక్రమిస్తున్నాడని వివరించినప్పుడు వెనక వరుసలో ఎవరో గట్టిగానే నవ్వారు.

మరి పట్టికే శివారు భూములను ఏటా ఎండబెట్టేలా ఉంటే దాన్ని పాటించాలా అని ఒక కౌలు రైతు అడిగారు. భారాన్ని న్యాయంగా పంచని చట్టం చట్టం కన్నా దౌర్జన్యానికే దగ్గరగా ఉంటుందని, అది మనస్సాక్షిని బంధించదని, అయితే అల్లర్లు రేగే ప్రమాదం ఉన్నప్పుడు మనిషి తన హక్కును వదులుకోవలసి రావచ్చని అక్వినాస్ జవాబు. 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన లేఖలో అమెరికా నల్లజాతి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ ఆశ్రయించింది తొలినాటి క్రైస్తవ వేదాంతి అగస్టీన్‌ను, ఈ అక్వినాస్‌నే. ప్రాణం మీదికి వచ్చిన అవసరంలో పరుల సొత్తు తీసుకోవడం దొంగతనం కాదన్న మాట వచ్చినప్పుడు చర్చ 1996 నవంబరు తుపాను మీదికి మళ్లింది. తాళం వేసిన గోదాములోని బియ్యం ఎవరివన్న ప్రశ్నపై హాలు రెండుగా చీలిపోయింది. బోధకులు తొందరపడి తీర్పు చెప్పకపోవడం నాకు నచ్చింది.

ఆక్షేపణల దగ్గరే ఈ తరగతులు తేలిపోయాయి. పాపంలో పడిన మనిషి బుద్ధిని అంతగా నమ్మవచ్చా అని నర్సాపురం నుంచి వచ్చిన ఒక బ్రదరన్ పెద్దాయన అడిగితే, తరువాత చూద్దామన్నారు. ఆ తరువాత రానే లేదు. సృష్టి ద్వారా కూడా దేవుణ్ణి కొంత తెలుసుకోవచ్చన్న ప్రొటెస్టెంట్ వేదాంతి ఎమిల్ బ్రున్నర్‌కు 1934లో తోటి వేదాంతి కార్ల్ బార్త్ ‘కాదు!’ అంటూ ఇచ్చిన సమాధానం ఇంచుమించు ఈ సందేహం మీదే నిలిచింది కనుక, ప్రొటెస్టెంట్లు సగానికి పైగా ఉన్న సభలో దాన్ని దాటవేయడం సమంజసం కాదు. ఉన్నదాని నుంచి ఉండవలసినది ఎలా తేలుతుందన్న తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ ప్రశ్నకు పది నిమిషాలు కూడా దక్కలేదు. ఆచరణకు సంబంధించిన మూలసూత్రాలు ప్రకృతి పరిశీలన నుంచి లాగిన నిర్ణయాలు కావని, వాటంతట అవే స్పష్టమని 1980లో న్యాయతత్త్వవేత్త జాన్ ఫిన్నిస్ చేసిన వాదనను పుస్తకంలో ఒక్క పేరాకే కుదించారు. కృత్రిమ కుటుంబ నియంత్రణను నిరాకరించిన 1968 నాటి పోపు లేఖ విషయంలో మాత్రం ఒక పూటంతా గడిచింది, అదీ ఒక పక్క వాదనే.

పాఠ్యపుస్తకంలో అచ్చుతప్పులు ఎక్కువ. ‘సుమ్మా’లో సహజ నియమాన్ని చర్చించే 94వ ప్రశ్న సంఖ్య రెండు చోట్ల 49గా పడింది, మూలంతో సరిచూసుకునేవారు తికమకపడతారు. అయినా ఆ రుసుముకు ఇంత శ్రద్ధగా అక్వినాస్‌ను తెలుగులో చెప్పేవారు దొరకడం అరుదు, న్యాయశాస్త్రం చదివే పిల్లలను నిస్సంకోచంగా పంపవచ్చు. పాఠం తరచుగా వేళ మించుతుంది కాబట్టి బస్సు మీద ఆధారపడేవారు తిరుగు ప్రయాణం ముందే చూసుకోవాలి. ఫ్యాన్ల రొదలో మైకు సరిగా వినిపించదు, ముందు వరుసలోనే కూర్చోవడం మంచిది.