వెండి తాటి: మూడు వేసవులు చూశాక చెబుతున్నా

కడియం వెళ్లినప్పుడు ఓ నర్సరీలో రెండు వెండి తాటి (బిస్మార్కియా) మొక్కలు కొన్నాను, ఒక్కోటి 1,800 రూపాయలు. అనంతపురం చేరేసరికి ఒకదాని వేళ్ల చుట్టూ ఉన్న మట్టిముద్ద పగిలిపోయింది. 40 రోజుల్లో మొక్క ఎండిపోయింది. ఈ జాతికి వేరు కదిలితే పడదు. ఆ సంగతి తెలిసినవాళ్లే గట్టిగా గోనెసంచి చుట్టి పంపాల్సింది. ఫోన్ చేస్తే "నీళ్లు సరిగా పోసి ఉండరు సార్" అన్నారు. ఆ మాటకు చాలా బాధేసింది.

రెండోది మాత్రం బంగారం. పుట్టిల్లు మడగాస్కర్ అయినా మా ఎండకు ఇట్టే అలవాటుపడింది. విసనకర్రలా విచ్చుకునే ఆకులు నీలం కలిసిన వెండి రంగులో మెరుస్తాయి. ఆకు మీద వేలితో రాస్తే తెల్లటి మైనం పొడి అంటుకుంటుంది, రాసినచోట పచ్చటి గీత పడుతుంది. మట్టల మీద దాల్చినచెక్క రంగు మచ్చలుంటాయి, దగ్గరికెళ్తేనే కనిపిస్తాయి. ఎంత అందమో!

మొదటి వేసవిలో వారానికి రెండుసార్లు రెండేసి బిందెలు పోశాను. ఇప్పుడు మే నెలలో కూడా 15 రోజులకోసారి తడిపితే చాలు, ఒక్క ఆకు కొస మాడలేదు. నీళ్లు నిలవకుండా గుంతలో ఇసుక కలిపాను.

కొనేముందు జాగా చూసుకోండి. పెద్ద చెట్టయ్యాక ఒక్కో ఆకే దాదాపు 10 అడుగుల వెడల్పు వస్తుంది. ప్రహరీ పక్కనే పెట్టి, తర్వాత తవ్వి మారుద్దామంటే బతకడం కష్టం. నేను 12 అడుగులు వదిలాను. చెట్టుకు 5 స్టార్లు, ప్యాకింగ్‌కు 1.