కిలో లెక్కన ఉతుకు: సీతమ్మధార లాండ్రీపై సమీక్ష

విశాఖపట్నం సీతమ్మధారలో ఇటీవల వెలిసిన కిలో లెక్క లాండ్రీలలో ఒకదానికి కొంతకాలంగా మా ఇంటి బట్టలు వేస్తున్నాం. మెప్పుతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నందున, అక్కడ పనిచేసేవారికి ఇబ్బంది కలగకూడదని దుకాణం పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో నడిచే దుకాణాలు ఎం.వి.పి. కాలనీ నుంచి మధురవాడ దాకా కనిపిస్తున్నాయి కనుక ఇక్కడి విషయాలు కొంతవరకు వాటికీ వర్తిస్తాయి.

ఉతికి మడతపెట్టి ఇవ్వడానికి కిలోకు 90 రూపాయలు, ఇస్త్రీతో కలిపితే 130 రూపాయలు తీసుకుంటారు. పట్టుచీరలకు, కోట్లకు విడిగా రేటు ఉంది. యాప్‌లో కబురు పెడితే ఒక కుర్రవాడు బండి మీద వచ్చి, గుమ్మం దగ్గరే మూటను తూకం వేసి తీసుకువెళతాడు. మర్నాడు సాయంత్రానికి బట్టలు తిరిగి వస్తాయి. ఈ వేళల విషయంలో మాట తప్పిన సందర్భం దాదాపు లేదు.

రోజువారీ బట్టలకు ఈ సేవ నిస్సందేహంగా ఉపయోగకరం. విశాఖ గాలిలో ఉండే తేమ వల్ల వానాకాలంలో బాల్కనీలో ఆరేసిన జీన్సు ప్యాంటు ఎంతకీ ఆరదు, ఆరినా ముక్కిన వాసన వదలదు. పోర్టుకు దగ్గరగా పాతనగరంలో ఉండేవారికి బొగ్గు ధూళి మరో బెడద. పొద్దున డాబా మీద ఆరేసిన తెల్ల చొక్కాను సాయంత్రం తీసేసరికి భుజాల మీద నల్లటి నుసి పేరుకుని ఉంటుంది. వేడిగాలితో బట్టలు ఆరబెట్టే పెద్ద యంత్రం ఈ రెండు కష్టాలనూ తీర్చింది. దుప్పట్లు, తువ్వాళ్లు, స్కూలు యూనిఫారాలు మేం చేసేదానికంటే శుభ్రంగా వస్తున్నాయని ఒప్పుకోవలసిందే. నూలు బనియన్లు మాత్రం ఆ వేడికి కాస్త కుదించుకుపోతున్నాయి.

అసలు పరీక్ష మా నాన్నగారి పంచెలతో వచ్చింది. ఆయన పొందూరు ఖద్దరు తప్ప కట్టరు. వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, రాట్నం మీద వడికిన సన్ననూలుతో నేసే ఆ బట్టకు గంజి, ఇస్త్రీ సరిగా కుదరకపోతే అందమే లేదు. మొదటి విడతలో డబ్బాలోని గంజిని చిమ్మి, ఆవిరి ఇస్త్రీతో నొక్కి పంపారు. తెల్లటి పొక్కులు, వంకర మడతలు, నలిగిన అంచు. నాన్నగారు ఆ పంచెను విప్పి చూసి, మాట్లాడకుండా పక్కన పెట్టేశారు.

ఫిర్యాదు చేయడానికి వెళ్తే, కౌంటరులోని అమ్మాయి మరో పంచె తెప్పించి వెనక గదిలో ఉన్న పెద్దాయన చేతికిచ్చింది. ఆయన స్టీలు గిన్నెలో ఉన్న అన్నం గంజిని గుడ్డలో వడకట్టి, నీళ్లు కలిపి పలుచన చేసి, నీలిమందు చుక్క వేశారు. అందులో తడిపి పిండిన పంచెను కాసేపు ఫ్యాను కింద వేసి, ఇంకా చెమ్మ ఉండగానే బల్ల మీద నాలుగు మడతలుగా పరిచారు. ముందుగా అంచును రెండు బొటనవేళ్లతో లాగి తిన్నగా చేశాకే ఇస్త్రీపెట్టె పట్టుకున్నారు. పక్కనే ఖరీదైన ఆవిరి బల్ల ఖాళీగా ఉన్నా దానివైపు చూడలేదు. ఎందుకని అడిగితే, “దీనికి ఆవిరెట్టకూడదు బాబూ, గంజి ఇరిగిపోద్ది” అన్నారు. ఆ పంచె నిటారుగా నిలబడింది. దుకాణం గోడ మీది రేట్ల పట్టికలో ఈ పనికి పేరే లేదు.

ఆయన మాటల్లో తెలిసినదేమిటంటే, తండ్రిది గెడ్డ ఒడ్డున చాకిరేవు. తానేమో చాలా ఏళ్లు ఒక అపార్ట్‌మెంటు గేటు పక్కన బొగ్గుల ఇస్త్రీపెట్టెతో బండి నడిపారు. ఇప్పుడు నెలజీతం. బండి రోజులు గుర్తొస్తాయా అంటే, వాన పడినా డబ్బు వచ్చే పని ఇదేనని, పైగా ఎవరి పెరటి గుమ్మం దగ్గరా నిలబడనక్కరలేదని అన్నారు. ఒకప్పుడు ఊళ్లలో రజకులకు కళ్లం దగ్గర కొలిచిన ధాన్యమే ఏడాది కూలి. దానికితోడు పురుడు, పెళ్లి, చావు దేనికైనా పిలుపు వస్తే వెళ్లి తీరవలసిన చాకిరీ ఉండేది. తూకం యంత్రం ఆ లెక్కను తుడిచేసింది. ఎవరి మూటైనా కిలో 90 రూపాయలే, రసీదు మీద కులం, ఇంటి హోదా ఉండవు. పాత రోజుల ఆప్యాయతల గురించి కలవరించేవారు ఈ సంగతి మరిచిపోతారు.

అయితే ఆ మార్పులో లాభం ఎవరిదన్నది వేరే ప్రశ్న. యంత్రాల దగ్గర ఒడిశా నుంచి వచ్చిన కుర్రవాళ్లు, కౌంటరులో డిగ్రీ చదివిన అమ్మాయి. ఈ పని తెలిసిన కుటుంబం నుంచి వచ్చినవారు ఆ పెద్దాయన ఒక్కరే. యంత్రాలు, ముందస్తు అద్దె, యాప్ అన్నీ పెట్టుబడి ఉన్నవారికే అందేవి కనుక యజమాని ఎక్కడో ఉంటారు, పని ఎరిగినవారు ఉద్యోగి అవుతారు. ప్రభుత్వ పథకాలు కూడా సొంతంగా వృత్తి చేసుకునేవారిని దృష్టిలో పెట్టుకున్నవే. 2020లో రాష్ట్రంలో వచ్చిన జగనన్న చేదోడు కింద దుకాణం ఉన్న రజకులకు, నాయీబ్రాహ్మణులకు, దర్జీలకు ఏడాదికి 10,000 రూపాయలు ఇచ్చారు. 2023 సెప్టెంబరు 17న కేంద్రం ప్రారంభించిన పీఎం విశ్వకర్మలో రజక వృత్తి సహా 18 వృత్తులకు పనిముట్ల కోసం 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో 3 లక్షల రూపాయల దాకా రుణం ఉన్నాయి. బండి వదిలి జీతానికి కుదిరిన మనిషి ఈ రెండింటి చట్రంలోనూ ఇమడడు. నైపుణ్యం అదే, చేతులూ అవే.

మూటలు మోసే కుర్రవాడి సంగతి ఇంకో రకం. అతనికి జీతం లేదు, మూటకు ఇంత అని లెక్క. ఇలాంటివారిని గిగ్ కార్మికులుగా గుర్తించిన కేంద్ర చట్టం, సామాజిక భద్రతా కోడ్, 2020లోనే ఆమోదం పొందినా, అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న. మా వీధిలో లిఫ్టు పనిచేయని భవనాల నాలుగో అంతస్తుకు అతను మూట మోసినప్పుడు అదనంగా పైసా రాదు.

ఇక నా ప్రధానమైన ఫిర్యాదు గుర్తింపు చీటీల మీద. పూర్వం బట్టల మీద నల్లజీడి రసంతో గుర్తు పెట్టేవారు. అది ఎన్ని ఉతుకులకూ పోదు, బట్టనూ చింపదు. ఇక్కడ బార్‌కోడ్ చీటీని ఇనుప పిన్నుతో కాలరుకు కొడుతున్నారు. ఈ ఊరి తేమకు పిన్ను ఇట్టే తుప్పు పడుతుంది. మా ఆవిడ లేతరంగు నేత చీర కొంగు మీద పడిన తుప్పు మరక ఇప్పటికీ పోలేదు. యాప్‌లో ఫోటో పెడితే క్షమాపణ చెబుతూ తయారుగా ఉన్న సందేశం, 50 రూపాయల కూపన్ వచ్చాయి. మరక ఎలా తీయాలో చెప్పగలిగిన మనిషి వెనక గదిలోనే ఉన్నా, ఫిర్యాదు అక్కడికి చేరే దారి యాప్‌లో లేదు. గుడ్డ చీటీని దారంతో కుట్టడానికి అయ్యే ఖర్చు ఆ కూపన్ విలువలో పదో వంతు కూడా ఉండదు.

హాస్టళ్లలో ఉండే విశ్వవిద్యాలయ విద్యార్థులకు, రుషికొండ వైపు ఉద్యోగాలకు వెళ్లే ఒంటరివారికి, పసిపిల్లలున్న ఇళ్లకు ఈ దుకాణాన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. పట్టు, జరీ, లేతరంగు నేత చీరలు మాత్రం ఇవ్వవద్దు. ఖద్దరు, మంగళగిరి నేత పంచెలు ఇచ్చేవారు యాప్‌ను నమ్ముకోకుండా స్వయంగా దుకాణానికి వెళ్లి, చేతి గంజి, చేతి ఇస్త్రీ కావాలని రసీదు మీద రాయించుకోవాలి. పెద్దాయనకు మంగళవారం సెలవు. సంక్రాంతి ముందు వారంలో ఆయన సొంత ఊరికి వెళతారు కనుక పండక్కి కట్టుకోవలసిన పంచెలను డిసెంబరు చివరిలోనే ఇచ్చి తెచ్చుకోవడం మంచిది.