షెడ్డులో ఉన్న అంబాసిడర్ పెట్రోల్ ఇంజన్: అమ్మకుండా ఎందుకు ఉంచానంటే

ఈ ఇంజన్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది దాన్ని చేత్తో తిప్పే హ్యాండిల్. పికప్, మైలేజీ, శబ్దం మన దగ్గర అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. మాది 1973లో రిజిస్టరైన మార్క్ 2 అంబాసిడర్. పెట్రోల్ భరించలేక నాన్నగారు దానికి డీజిల్ ఇంజన్ ఎక్కించారు. అప్పుడు దింపిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో, ఇనప యాంగిల్స్‌తో చేయించిన స్టాండు మీద ఏళ్లుగా ఉంది. నడపని ఇంజన్‌కి రివ్యూ ఏమిటని అడగొచ్చు. దాచిన ఇంజన్‌ని వాడటమంటే బిగుసుకుపోకుండా తిప్పుతూ ఉండటమే. ఆ విషయంలో దీనితో నాకున్నంత అనుభవం కారు నడిపిన నాన్నగారికి కూడా లేదు.

ఇప్పటి ఇంజన్‌ని చేత్తో తిప్పాలంటే సాకెట్, రాడ్డు వెతుక్కోవాలి. దీనికి క్రాంక్ (ఇంజన్ లోపల తిరిగే ఇరుసు) పుల్లీ మధ్యలో హ్యాండిల్ పట్టే పళ్ల నట్టు కంపెనీ నుంచే ఉంది. స్టాండు ముందు చిన్న పైపు ముక్క వెల్డింగ్ పెట్టించాను, హ్యాండిల్ దాంట్లోంచి తిన్నగా వెళ్లి కూర్చుంటుంది. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో చెంచాడు ఇంజనాయిల్ పోసి తిప్పితే మా అమ్మాయి చేతికి కూడా తిరుగుతుంది. ఒక్కటే జాగ్రత్త: ఎప్పుడూ ఒకేచోట ఆపకూడదు. పిస్టన్లు ఆగే చోటు మారుతుండాలి, అణిగి ఉండే వాల్వు స్ప్రింగులూ మారుతుండాలి. ఆయిల్ తడితో అది జారే ఆ మెత్తదనం చేతికి తెలుస్తుంటే దీన్ని అమ్మడమా అనిపించేది.

అలాంటిది 2023 డిసెంబరులో పట్టేసింది.

దానికి ముందు కథ ఒకటుంది. కార్బరేటర్ సర్వీసు చేసిస్తామని ఒక వర్క్‌షాపువాళ్లు విప్పి తీసుకెళ్లారు. ఇప్పటికీ తిరిగి ఇవ్వలేదు. అడిగినప్పుడల్లా "రేపు సార్" అన్నారు, చివరికి ఫోనెత్తడం మానేశారు. పోతూ పోతూ మానిఫోల్డ్ (కార్బరేటర్ నుంచి సిలిండర్లకి వెళ్లే గొట్టం) మూతికి బిరడా పెట్టకుండా పాత గుడ్డ ఒకటి కుక్కిపోయారు. బాపట్ల దగ్గర మిగ్‌జాం తుపాను తీరం దాటిన రోజు మాకూ ఒకటే వాన, గాలి. షెడ్డు రేకు పగిలింది, పైన కప్పిన టార్పాలిన్ ఎగిరిపోయింది. ఆ గుడ్డ దీపంలో వత్తిలా తడిని పీల్చి నీళ్లన్నీ లోపలికి పంపింది. సిలిండర్ల పైన మూతలా ఉండే ఈ హెడ్‌లో మూడు, నాలుగు సిలిండర్లకి లోపలికెళ్లే దారి ఒకటే. ఆ రెండింటిలో అప్పుడు దేని వాల్వు తెరుచుకుని ఉంటే నీళ్లు దాంట్లోకి పోతాయి. మాకు నాలుగోదాంట్లోకి పోయాయి.

తర్వాత హ్యాండిల్ పెడితే కదల్లేదు. బలం పెట్టలేదు, ఆటోనగర్ నుంచి మాకు తెలిసిన మేస్త్రీని పిలిపించాను. సన్న తీగకి దూది చుట్టి ఒక్కో ప్లగ్గు రంధ్రంలో తిప్పి తీశాడు. మూడింట్లో నల్లటి ఆయిల్, నాలుగోదాంట్లో ఇటుకపొడి రంగు. హ్యాండిల్‌కి పొడుగు పైపు తగిలిద్దామని పక్కింటాయన సలహా ఇస్తే మేస్త్రీ ఒప్పుకోలేదు. "లోపల పిస్టన్ రాడ్డు వంగుద్ది బాబూ, అప్పుడు తూకానికే పనికొస్తది" అన్నాడు. డీజిలూ ఇంజనాయిలూ సగం సగం కలిపి రంధ్రం నిండా పోశాడు. మట్టం తగ్గినప్పుడల్లా మళ్లీ పోయమని నాకు చెప్పి వెళ్లాడు. ఆ వారమంతా టెన్షనే.

మళ్లీ వచ్చినప్పుడు హ్యాండిల్ జోలికే పోలేదు. అది ఒకవైపే తిప్పుతుంది, ఇరుక్కున్న పిస్టన్‌ని ముందుకీ వెనక్కీ ఊపాలి. గేర్‌బాక్స్ లేదు కాబట్టి వెనకుండే పళ్ల చక్రం, ఫ్లైవీల్, బయటికే ఉంది. దాని పళ్లలో స్క్రూడ్రైవర్ పెట్టి అటు ఒక పన్ను, ఇటు ఒక పన్ను జరపసాగాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత లోపల్నించి కిర్రుమని చిన్న చప్పుడు, ఫ్లైవీల్ వేలెడంత కదిలింది. మళ్లీ ఆయిల్, మళ్లీ ఊపడం. సాయంత్రానికి పూర్తి చుట్టు తిరిగింది. హెడ్ దించి చూస్తే నాలుగో సిలిండర్ గోడ మీద పిస్టన్ రింగులు ఆగిన చోట తుప్పు గీత, గోరు పెడితే తగులుతోంది. హోనింగ్‌తో (పైపైన సానపట్టడంతో) పోదు, బోరింగే, అంటే సిలిండర్‌ని కాస్త వెడల్పుగా కోయించడమే. మసి గీకితే పిస్టన్ తల మీద 20 అని పంచ్ కనిపించింది. ఇదివరకే ఒకసారి బోరింగ్ అయిందన్నమాట, ఇంకోసారికి చోటుంది. అందుకే ఇంకా నా దగ్గరుంది. పంచ్ 40 అయ్యుంటే ఇంక కోయడానికి చోటుండదు, సిలిండర్లలో కొత్త గొట్టాలు (లైనర్లు) దించే ఖర్చు, బహుశా ఇంకో నిర్ణయం.

హ్యాండిల్‌ని అంత పొగిడాను గానీ, అది ఇంజన్‌ని తిప్పుతుంది, కాపాడదు. వాన నీటికి అదేం చేస్తుంది! ఇంకో సంగతి: క్రాంక్ వెనక దీనికి రబ్బరు సీలు లేదు. తిరిగేటప్పుడు ఆయిల్‌ని మళ్లీ లోపలికి నెట్టే మరలాంటి గాడి మాత్రమే ఉంది. ఆగి ఉన్న ఇంజన్‌కి అది ఏం పని చేస్తుంది? కింద ఎప్పుడూ పళ్లెం ఉండాల్సిందే. సీసం కలిపిన పెట్రోల్ రోజుల్లో చేసిన హెడ్ ఇది. మన దేశంలో ఆ పెట్రోల్ 2000లోనే ఆగిపోయింది. ఇప్పుడు బంకులో వచ్చేది 20 శాతం ఇథనాల్‌ది. మళ్లీ స్టార్ట్ చేయాలంటే సీసం లేనందుకు వాల్వు సీట్లు, ఇథనాల్ వల్ల పెట్రోల్ పైపులు, పంపు డయాఫ్రమ్ అన్నీ చూసుకోవాలి. అమ్మ దృష్టిలో మాత్రం ఇదంతా తులసికోటకి అడ్డమైన ఇనుము.

అమ్మే ఆలోచన గట్టిగానే చేశాను. పాత ఇనుమువాళ్లు తూకానికి అడిగారు, అది అసలు లెక్కలోకే తీసుకోలేదు. విజయవాడ నుంచి ఒకాయన, పెళ్లిళ్లకి పాత కార్లు అద్దెకిస్తారు, హ్యాండిల్ తిప్పి చూసి మంచి ధరే చెప్పారు. తుపాను తర్వాత వచ్చి గీత చూసి సగానికి దించారు. ఆయన తప్పేం లేదు, నేనైనా అంతే చేసేవాణ్ణి.

నన్ను ఆపింది ఇంజన్ నంబరు. డీజిల్ ఎక్కించాక ఆర్‌సీలో నంబరు మారింది, నాన్నగారు దాచిన పాత ఆర్‌సీ జిరాక్సులో మాత్రం ఈ బ్లాకు మీది నంబరే ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రూల్స్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కారుకి వీఏ అనే అక్షరాలతో వింటేజ్ (పాతకాలపు) బండి నంబరు ఇస్తారు. ఫీజు 20 వేలు, పదేళ్లకి. కాకపోతే చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. మా బండికి 50 దాటాయి. పాత ఇంజన్ తిరిగి ఎక్కిస్తే అడగడానికైనా మొహం ఉంటుంది, అమ్మేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే. ఆ నంబరు వచ్చినా రోజూ తిప్పడానికి వీల్లేదు. ర్యాలీకి, ప్రదర్శనకి, పెట్రోల్ పోయించడానికి, రిపేరుకి, అలాంటి పనులకి మాత్రమే. రోజూ తిరగడానికి నాకు వేరే బండి ఉంది కాబట్టి అది ఇబ్బంది కాదు.

నాకు సొంత షెడ్డుంది, కారు అమ్మలేదు, పిలిస్తే వచ్చే మేస్త్రీ ఉన్నాడు. ఈ మూడూ లేకుండా అపార్ట్‌మెంట్ సెల్లార్లో పెట్టుకుని అసోసియేషన్‌తో తగాదా పడేకంటే, తిరుగుతుండగానే, హ్యాండిల్ పెట్టి చూపించగలిగినప్పుడే అమ్మేయడం మేలు. కారు లేని ఇంజనైతే నేనూ ఉంచేవాణ్ణి కాదు. బోరింగ్ ఈ వేసవిలో చేయిద్దామనుకుంటున్నాను, కార్బరేటర్ ఎక్కడైనా దొరికితే.