అన్న క్యాంటీన్: ఐదు రూపాయల భోజనం, పేటకో అభిప్రాయం

మా టౌన్లో ప్రభుత్వాసుపత్రి దగ్గరున్న అన్న క్యాంటీన్లో ఈ మధ్య చాలాసార్లు తిన్నాను. ముందు తిండి సంగతి చెప్పేస్తా. ఐదు రూపాయలిచ్చి టోకెన్ తీసుకుంటే పొద్దున ఇడ్లీయో, పూరీయో, ఉప్మానో, పొంగలో ఉంటుంది, మధ్యాహ్నం అన్నం, కూర, పప్పు లేదా సాంబారు, పెరుగు, పచ్చడి. పెట్టేది చాలదేమో అనే అనుమానం అక్కర్లేదు, ఎండలో పనిచేసి వచ్చిన మనిషికి సరిపోతుంది. ఇంట్లో కారం గట్టిగా తినేవాళ్లకి కూర కాస్త చప్పగా అనిపించొచ్చు, అప్పుడు పచ్చడి కలుపుకుంటే సరి. పప్పు మాత్రం నాకు బాగా నచ్చింది. బల్లలు తుడుస్తూనే ఉన్నారు, తాగే నీళ్లు శుభ్రంగా ఉన్నాయి. అన్నిటికంటే నాకు నచ్చింది, అక్కడ రేషన్ కార్డు చూపించమనరు, ఆధార్ అడగరు, నువ్వెవరని అడగరు. నా ముందు తాపీ మేస్త్రీ, నా వెనక కాలేజీ కుర్రాడు, అందరిదీ ఒకటే టోకెన్.

ఇదంతా మా అపార్టుమెంటులో చెబితే నమ్మరు. మేముండేది బైపాస్ వైపు, అక్కడ ఈ క్యాంటీన్ మాటెత్తితే చాలు, మన ట్యాక్సులతో సోమరిపోతుల్ని మేపుతున్నారు అంటారు. ఇలా అనేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. మా పై ఫ్లోర్ అంకుల్ కూడా ఈ మాట అన్నారు, ఆయనే ఏటా అయ్యప్ప స్వాములకి సొంత డబ్బుతో అన్నదానం చేస్తారు, దగ్గరుండి వడ్డిస్తారు. ఆయన రోజూ తిరిగే దారిలో కూలీల అడ్డా లేదు, ఆసుపత్రి లేదు, ఈ క్యాంటీనూ లేదు. అక్కడ తినేవాళ్ల గురించి ఆయనకి తెలిసిందంతా ఫోన్‌కి వచ్చే వీడియోల్లోంచే.

అదే పాత బజారులోకి వెళ్లండి, మాట మారిపోతుంది. క్యాంటీన్‌కి నాలుగడుగుల దూరంలో బండి మీద టిఫిన్లు అమ్మే ఆవిడ ఉంది, అసలు కోపం ఉండాల్సింది ఆవిడకే అనుకుని అడిగాను. పొద్దున గిరాకీ కొంచెం తగ్గిన మాట నిజమే బాబూ, కానీ తినేది మా పేటోళ్లే కదా, మా ఆయన కూడా మధ్యాహ్నం అక్కడే తింటాడు, రిక్షా తొక్కే మనిషి ఇంటికొచ్చి తిని వెళ్లాలంటే రెండు బేరాలు పోతాయి అంది. సొంత వ్యాపారానికి దెబ్బ తగిలిన మనిషి ఇలా మాట్లాడుతుంటే, ఏ దెబ్బా తగలని మేము అంత కోపంగా మాట్లాడటం నాకు చాలా బాధనిపించింది.

మా ఊళ్లో లెక్క ఇంకోలా ఉంటుంది. మా బాబాయికి నాలుగెకరాలుంది, కూలీలు దొరక్కపోవడానికి ఉపాధి హామీయే కారణం అంటాడు. అదే ఊళ్లో కాలనీ వాళ్లకి ఎండాకాలం గడిచేది ఆ పని మీదే. రెండు వీధుల తేడా అంతే. కానీ ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి ముసలావిడ చేతిలో 4000 రూపాయల పెన్షన్ పెడితే మాత్రం బాబాయి ఒక్క మాటనడు, ఆవిడ కొడుకు ఏ ఊరు వలసపోయాడో, ఎన్నాళ్లుగా డబ్బు పంపడం లేదో ఆయనకి తెలుసు. క్యాంటీన్ గురించి అడిగితే, అన్నీ టౌనోళ్లకేరా అనేవాడు. ఆ మాటలో న్యాయం ఉంది, ఈ పథకం మొదలైందే పట్టణాల కోసం. అయితే వాళ్ల వీధిలో అమ్మాయి కాన్పుకి మా టౌను ఆసుపత్రికొచ్చి, తోడొచ్చిన ఇద్దరూ డిశ్చార్జి దాకా ఇక్కడే తిన్నాక, ఈ మధ్య ఆ మాట అనడం మానేశాడు.

చెన్నైలో ఉన్న మా అక్కావాళ్ల దగ్గర అసలు ఈ చర్చే రాదు. అక్కడ అమ్మ ఉణవగం, అంటే తమిళనాడు ప్రభుత్వం నడిపే అమ్మ క్యాంటీన్, 2013లో మొదలైంది, రూపాయికి ఇడ్లీ. 2021లో ప్రభుత్వం మారినా దాన్ని మూసెయ్యలేదు. రేషన్ కూడా అక్కడ పేదలకే అని గిరి గీయలేదు. మా బావ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అయినా ప్రభుత్వం అన్నం పెట్టడం ఆయనకి వీధి కుళాయి అంత మామూలు విషయం. మన ఆంధ్రాలో అన్న క్యాంటీన్లు 2018 జులైలో తెరిచారు, 2019లో ప్రభుత్వం మారాక మూసేశారు, 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్లీ మొదలుపెట్టారు. మధ్యలో అయిదేళ్లు పోయాయి. దాంతో ఇక్కడ సాంబారు ఎలా ఉందని అడిగినా నువ్వే పార్టీ అని చూస్తారు. ఒక పథకం పదేళ్లు ఆగకుండా నడిచిన ఊళ్లో ఉండేవాళ్లకీ, తాళం పడ్డ క్యాంటీన్ చూసిన ఊళ్లో ఉండేవాళ్లకీ ఒకే అభిప్రాయం ఎలా ఉంటుంది?

అందుకే ఇలాంటివి ఎక్కడ పెడుతున్నారన్నది ఎంత పెడుతున్నారన్నదంత ముఖ్యం అని నేను గట్టిగా నమ్ముతున్నా. ఆసుపత్రి దగ్గర పెట్టారు కాబట్టి పల్లెవాళ్లూ వస్తున్నారు, చుట్టూ ట్యూషన్లూ ఆఫీసులూ ఉన్నాయి కాబట్టి నాలాంటివాళ్లూ వస్తున్నారు. ఊరి చివర ఖాళీ స్థలం దొరికింది కదా అని పెట్టి ఉంటే ఎవరికీ పనికొచ్చేది కాదు, తినని వాళ్ల అభిప్రాయమూ మారేది కాదు. మా పై ఫ్లోర్ అంకుల్‌ని ఒకసారి తీసుకెళ్తా అన్నాను, వస్తానన్నారు, ఇంకా కుదరలేదు.

మార్చాల్సినవి కూడా ఉన్నాయి. ఆదివారం సెలవు, ఆ రోజు కూడా ఆసుపత్రిలో రోగులుంటారు, వాళ్ల మనుషులుంటారు, కనీసం ఆసుపత్రుల దగ్గరున్న వాటినైనా తెరవాలి. రాత్రి భోజనం 7.30 నుంచి 9 వరకే, వార్డులో డాక్టరు రౌండ్స్ ఆలస్యమైతే తోడున్నవాళ్లకి అందదు, ఇంకో గంట పెంచాలి.

తిండికి 5కి మూడున్నర, శుభ్రతకి 4, ఉన్న చోటుకి 5 ఇస్తా. మధ్యాహ్నం 12.30కే తెరుస్తారు, మీకు వేరే దారి ఉంటే 2 దాటాక వెళ్లండి, ఆలోపు వరుసలో ఉండేది పనిలోంచి వచ్చి మళ్లీ పనిలోకి పోవాల్సినవాళ్లు.